పై గీత చివర ఇంటి నంబరు

తమిళనాడులోని గుడియాత్తంలో మాది నేతగాళ్ళ వీధి. ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగు. బడి తమిళం, రేషను కార్డు తమిళం, పెళ్ళిపత్రిక కూడా తమిళమే. తెలుగక్షరం గుర్తుపట్టగలిగినవాళ్ళు మా వీధి మొత్తంలో ఒక్కరు లేరు. నేను ముప్పై దాటాక చిత్తూరు బస్టాండులో పిల్లల వాచకం ఒకటి కొనుక్కుని, ఎవరికీ చెప్పకుండా కూర్చుని నేర్చుకున్నాను. ఈ సంగతి రాయడానికే నేర్చుకున్నానంటే అబద్ధమవుతుంది. కానీ ఇందులో మనుషులు నాతో అన్న మాటలు దాదాపు అన్నీ తెలుగులో అన్నవే. వాటిని ఇంకో భాషలో పెడితే నా తప్పు కొంచెం తగ్గినట్టు కనిపిస్తుందేమోనని నాకు అనుమానం.

నా తోటి ఆడపిల్లలు పదో తరగతి కాగానే చెప్పుల కంపెనీ బస్సెక్కారు. మా నాయన లుంగీలు నేసేవాడు. మరమగ్గాలు వచ్చి చేతి మగ్గానికి పని తగ్గిపోయినా ఆయనకు ఇంకో పని రాదు. నన్ను మాత్రం పట్టుబట్టి చదివించాడు. నేను కాట్పాడిలో ఒక యూనివర్సిటీలో పరిశోధనకు చేరాను. పొద్దున పాసింజరు రైల్లో పోయి, సాయంత్రం రైలుకు తిరిగి వచ్చేదాన్ని. స్టేషను ఊరికి దూరం. నాయన సైకిలు మీద దింపి, మళ్ళీ వచ్చి తీసుకుపోయేవాడు. ఎవరైనా అడిగితే, "మా పాప కంప్యూటర్లో చెట్లు గీస్తా ఉండాది" అని చెప్పేవాడు.

ఆయన చెప్పింది నిజమే. జీవులు ఒకదాని నుంచి ఒకటి ఎలా చీలి వచ్చాయో చూపించే వంశవృక్షాలు ఉంటాయి కదా, వాటిని కంప్యూటరు చేత స్పష్టంగా గీయించడం నా పని. ఏ సూక్ష్మజీవి ఏదానికి దగ్గరి చుట్టమో లెక్కలు కట్టి తేల్చేది వేరేవాళ్ళు. తేలినదాన్ని మనిషి కంటికి ఆనేట్టు కాగితం మీద పెట్టేది నేను. ఉత్త చెట్టయితే అంత కష్టం లేదు. కానీ సూక్ష్మజీవులు తమ జన్యువుల్ని పుట్టబోయేవాటికే కాదు, పక్కనున్నవాటికి కూడా ముక్కలు ముక్కలుగా ఇచ్చేస్తాయి. అందుకని ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు అడ్డగీతలు పెట్టాల్సి వస్తుంది. అప్పుడది చెట్టులా కాక వలలా తయారవుతుంది. ఆ అడ్డగీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతే, చూసేవాడికి చిక్కుపడిన నూలు తప్ప ఏమీ కనిపించదు.

ఆ చిక్కు తీయడానికి ఒక ఉపాయం ఉంది. మేము గీసే చెట్టు నిలువుగా ఉండదు, పక్కకు పడుకుని ఉంటుంది. మొదలు ఎడమ వైపు, కొమ్మల కొసలు కుడి వైపు, ఒకదాని కింద ఒకటి. ప్రతి చీలిక దగ్గరా రెండు కొమ్మలు. పై కొమ్మను కిందికి, కింది కొమ్మను పైకి తిప్పినా చుట్టరికం మారదు. అక్కాచెల్లెళ్ళలో ఎవరు ఎడమ పక్క కూర్చున్నా అక్కాచెల్లెళ్ళే కదా. నా ప్రోగ్రాము చీలికలను ఒక్కొక్కటిగా తిప్పి చూస్తుంది. తిప్పినప్పుడు గీతలు దాటుకోవడం తగ్గితే అలాగే ఉంచుతుంది, తగ్గకపోతే వెనక్కి తిప్పేస్తుంది. ఎంత తిప్పినా ఇక తగ్గని చోట ఆగుతుంది. ఇంత చిన్న సంగతి మీద నేను మూడేళ్ళు కూర్చున్నాను.

ఆ మూడో ఏడు ఐప్పసి నెలలో, దీపావళి రోజుల్లో, వాన ఆగకుండా పడింది. కౌండిన్య నదిలో ఎన్నడూ లేనంత నీళ్ళు వచ్చాయి. వాన వెలిసిన వారానికి మా వీధిలో వాంతులు, బేదులు మొదలయ్యాయి. మొదట నలుగురైదుగురు, తర్వాత ఇంటింటికీ. మా అమ్మ కూడా పడిపోయి మూడు రోజులు ఆస్పత్రిలో సెలైను పెట్టించుకుని లేచింది. ఎదురింటి అన్న కూతురు మాత్రం లేవలేదు. ఆ పాపకు మూడేళ్ళు. మా గడప దాకా పాకుతూ వచ్చి, ఆ తర్వాత నడుస్తూ వచ్చి, మగ్గం చప్పుడుకు చప్పట్లు కొట్టిన పిల్ల. పొద్దున బేదులు మొదలైతే మర్నాటి మధ్యాహ్నానికి పోయింది.

వీధి మలుపులో తాగునీళ్ళ పైపు మురుగుకాలవ లోపలి నుంచి పోతుంది. అది అందరికీ తెలుసు. కాలవ పొంగినప్పుడు కుళాయి నీళ్ళు వాసన కొడతాయనీ తెలుసు. ఆరోగ్య శాఖ వాళ్ళు రాకముందే ఎవరో వచ్చి వీధి నీళ్ళ తొట్టిలో బ్లీచింగు పొడి కలిపారు. ఆ తర్వాత తీసిన నీళ్ళలో ఏమీ కనబడలేదు. మనుషుల నుంచి తీసిన నమూనాలే మిగిలాయి. ఇల్లిల్లూ తిరిగి డబ్బాలు ఇచ్చి తీసుకునే నర్సుతో పాటు నేనూ తిరిగాను, వీధి పిల్లను కాబట్టి. ఇరవై మూడు ఇళ్ళ నుంచి ఇరవై మూడు డబ్బాలు; పాపది మాత్రం పోయే ముందు ఆస్పత్రిలో తీసి పెట్టింది. మూతల మీద ఆస్పత్రి వాళ్ళ గుర్తులే ఉంటాయి, ఎవరిది ఏదో బయటికి తెలియకూడదని. ఏ గుర్తు ఏ ఇంటిదో నర్సు దగ్గరున్న పట్టీలో ఉంటుంది. ఆ పట్టీ రాసింది నేనే. ఒక నకలు నా పుస్తకంలో ఉండిపోయింది.

నెలన్నర తర్వాత ఆ నమూనాల్లోని సూక్ష్మజీవుల లెక్కలు మా డిపార్టుమెంటుకే వచ్చాయి. మా గైడుకు ఆస్పత్రి వాళ్ళతో కలిసి చేసే పనులు ఉండేవి. "మీ ఊరిదే కదా, నీ ప్రోగ్రాముకు మంచి పరీక్ష" అన్నాడాయన.

ఆస్పత్రి గుర్తులతో బొమ్మ గీస్తే సరిగ్గా వచ్చిందో లేదో నాకు పట్టుబడలేదు. ఏ కొస ఎవరిదో గుర్తుండేది కాదు. అందుకని నా సౌకర్యం కోసం ఆ గుర్తులు తీసేసి డోరు నంబర్లు పెట్టాను. అది చేయకూడని పని. చేసేటప్పుడు కూడా తెలుసు.

ఇరవై మూడు కొసలంటే ఇరవై రెండు చీలికలు. ఒక్కో చీలికనూ అటో ఇటో తిప్పొచ్చు కాబట్టి ఒకే చెట్టును నలభై లక్షలకు పైగా రకాలుగా గీయొచ్చు. మొదట వచ్చిన బొమ్మలో అడ్డగీతలు పందొమ్మిది చోట్ల దాటుకున్నాయి. ప్రోగ్రాము తిప్పుకుంటూ పోయి వాటిని రెండుకు తెచ్చింది. అంత తేటగా వచ్చిన బొమ్మను నేను అంతకు ముందు చూడలేదు. కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఆ గీతల్లో ఒకటి చచ్చిపోయిన పిల్లదని ఆ కాసేపు నాకు గుర్తు లేదు. ఇది ఒప్పుకోవడం కష్టంగా ఉంది.

నిజానికి ప్రోగ్రాము ఇచ్చింది ఒక బొమ్మ కాదు, రెండు. బొమ్మను మొత్తంగా తలకిందులు చేసినా గీతలు దాటుకునేది అన్నిసార్లే కాబట్టి ఎప్పుడూ జంటగానే వస్తాయి. ఒక బొమ్మలో అన్నిటికంటే పై గీత చివర పద్నాలుగో నంబరు, అన్నిటికంటే కింద ముప్పై ఒకటి. రెండో బొమ్మలో పైన ముప్పై ఒకటి, కింద పద్నాలుగు. ముప్పై ఒకటి మా ఇల్లు. నేను మొదటి బొమ్మను ప్రింటు తీశాను.

పద్నాలుగో నంబరు పెద్దమ్మది. మా అమ్మకు పినతల్లి కూతురు. మొగుడు పోయాక మగ్గం అమ్మేసి, ఇంటి ముందర అరుగు మీద ఇడ్లీలు పోసేది. సర్కారు ఇంటింటికీ ఇచ్చిన ఉచిత గ్రైండరుతోనే ఆమె వ్యాపారం. మా వీధిలో చాలా ఇళ్ళలో పొద్దున పొయ్యి వెలిగించరు, మగ్గం ముందు కూర్చోవాలి కాబట్టి. గిన్నె తీసుకుని పెద్దమ్మ అరుగు దగ్గరికి పోతారు. బేదుల్లో ఆమె కూడా పడింది. పాప పోయిన రెండో రోజున పడి, నాలుగు రోజులకు లేచి మళ్ళీ పిండి రుబ్బింది.

ఆ శనివారం నేను బొమ్మను ఇంటికి తెచ్చాను. ఇన్నేళ్ళుగా నాయనకు నా పని ఏమిటో చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. ఇది మన వీధిదే కదా, అర్థమవుతుందనుకున్నాను. నాయన చేతులు తుడుచుకుని కాగితాన్ని వెలుతురుకు పట్టుకున్నాడు.

"పద్నాలుగు పైన ఉండాదే. ఆమెతోనే మొదలయిందా?"

"లేదు నాయనా. పైన, కింద అనేదానికి అర్థం లేదు. గీతలు యాడ కలుస్తాయో అదొకటే చూడాల."

"అర్థం లేకుంటే ఏమిటికి పెట్టినావు?"

"యాడో ఒకచోట పెట్టాల కదా."

నాయన తల ఊపాడు గానీ ఇంకోసారి పై గీత వైపే చూశాడు. అప్పుడే గడపలో ఎదురింటి అన్న నిలబడి ఉన్నాడు. మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాడు. పాప పోయినప్పటి నుంచి పనికి పోకుండా అరుగు మీదే కూర్చునేవాడు. మా మాటలు విన్నట్టున్నాడు.

"మా పాప యాడ ఉండాది అమ్మా అందులో?" అని అడిగాడు.

నేను కాగితం దాచేయాల్సింది. కానీ ఆ మనిషి ముఖం చూసి దాచలేకపోయాను. పై నుంచి రెండో గీత చివర వేలు పెట్టి చూపించాను. పదిహేనో నంబరు. ఆయన ఆ అంకె మీద తన వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉంచాడు. తర్వాత జేబులోంచి ఫోను తీసి, "ఒక ఫోటో తీసుకుంటా. దాని పేరు మీద ఏ కాగితమూ లేదు మాకు. బడికి కూడా పోలేదు" అన్నాడు.

తీసుకోమన్నాను.

ఫోటో తీశాక అడిగాడు: "దీని గీత పద్నాలుగో నంబరుతో కలిసిపోతా ఉండాదే?"

"అవునన్నా. ఆ రెండూ దగ్గరివి. అంటే ఇద్దరికీ వచ్చింది ఒకటే రకం. ఒకటే కుళాయి కదా మీ రెండిళ్ళకూ."

"రోజూ ఆడనే తినేది" అన్నాడు.

"ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఈ బొమ్మ చెప్పదన్నా. పాపకే ముందు వచ్చింది. పెద్దమ్మ తర్వాతనే పడింది."

ఆయన నా మాట వినలేదు. ఫోనులో బొమ్మను పెద్దది చేసి, రెండు గీతలు కలిసే చోటునే చూస్తూ వెళ్ళిపోయాడు. నేను చెప్పింది నిజం. కానీ ఎవరు ఎప్పుడు పడ్డారన్నది ఆ బొమ్మలో ఎక్కడా లేదు. తేదీలు పెడితే గీతలకు అడ్డం వస్తాయని నేనే తీసేశాను.

సోమవారం సాయంత్రం రైలు దిగేసరికి నాయన ముఖం మరోలా ఉంది.  వీధిలోకి వచ్చాక చెప్పాడు, బొమ్మ వార్డులో అందరి ఫోన్లలోకీ పోయిందని. ఓటర్ల జాబితా చదివినట్టు జనం దాన్ని పై నుంచి కిందికి చదివారు. మొదట ఎవరుంటే వాళ్ళే మొదలు. నేను ఆ వీధిలోనే పుట్టి పెరిగినదాన్ని. మనుషులు ఏ కాగితాన్నయినా పై నుంచే చదువుతారని నాకు తోచకపోవడమేమిటో ఇప్పటికీ తెలియదు.

అప్పుడు స్థానిక ఎన్నికలు వస్తాయన్న మాట నడుస్తోంది. గోడలన్నీ సున్నం కొట్టి, ఏ పార్టీకి ఏ గోడో రాసి పెట్టుకున్నారు. మాజీ కౌన్సిలరు మళ్ళీ నిలబడాలని చూస్తున్నాడు. మురుగుకాలవలోంచి పైపు వేసింది ఆయన హయాంలోనే. పాప పోయినప్పటి నుంచి ఎదుటి పార్టీ వాళ్ళు రోజూ ఆ పైపు మాటే మాట్లాడుతున్నారు. ఆయనకు నా బొమ్మ దేవుడిచ్చినట్టు దొరికింది.

ఆ వారంలోనే వీధి మొగదల మీటింగు పెట్టాడు. నేను గుంపులో వెనక నిలబడి విన్నాను. స్టేజీ పక్కన ఫ్లెక్సు కట్టారు. పార్టీ పెద్దల ముఖాల కింద, ఆరడుగుల వెడల్పున, నా చెట్టు. అంత పెద్దది చేసేసరికి గీతలన్నీ మసకబారి పోయాయి గానీ అంకెలు మాత్రం బాగా కనిపిస్తున్నాయి. ఆయన పార్టీ రంగుల అంచు పంచె సర్దుకుని, ప్రాసలు కలుపుతూ తమిళంలో మాట్లాడాడు. మూఢనమ్మకం వద్దు, విజ్ఞానం కావాలి, ఇది యూనివర్సిటీ తేల్చిన సత్యం అన్నాడు. రోగం పైపులోంచి రాలేదు, ఒక ఇంట్లోంచి వచ్చింది అన్నాడు. పెద్దమ్మ పేరు ఎత్తలేదు. నంబరు కూడా చెప్పలేదు. ఊరికే చేయెత్తి పై గీతను చూపించాడు.

మర్నాడు పొద్దున నేను రైలుకు పోతుంటే పెద్దమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఇడ్లీ పాత్ర మూత తీయలేదు. గిన్నె పట్టుకున్న ఆడవాళ్ళు ఆమె ముందు నుంచే నడిచి, మలుపు దాటి, బజారు హోటలు వైపు పోతున్నారు. నేనూ తల దించుకుని సైకిలెక్కాను.

నాలుగు రోజులు అలాగే జరిగింది. ఐదో రోజు ఆమె మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు, గడప దగ్గరే నిలబడింది.

"ఆ బొమ్మ నువ్వు రాసిందేనంట కదమ్మా" అంది.

"నేనే పెద్దమ్మా. కానీ అందులో నీ తప్పుందని లేదు. వాళ్ళకు చదవడం తెల్దు."

"నాకూ తెల్దు. చదివినదానివి నువ్వు." కొంగు సర్దుకుంది. "పైన ఉండేదానికి అర్థం లేదని మీ నాయన చెప్పినాడు. నిజమేనా?"

"నిజం."

"అట్లయితే మళ్ళా రాయి. నన్ను కింద పెట్టు."

ఆమె మాటలో కోపం లేదు. పిండి పులిసిపోయింది, వేరే గిన్నెలో పొయ్యి అన్నట్టుగా చెప్పింది.  ఆమె అడిగింది జరిగే పనే. ఆ రెండో బొమ్మ నా కంప్యూటరులో ఉంది. అదీ ఇంతే నిజం. ఆమె కిందికి పోతే పైకి వచ్చేది మేము.

మర్నాడు గైడుకు అంతా చెప్పాను. ఆయన ముఖం తెల్లబోయింది. "డోరు నంబర్లు పెట్టమని నీకెవరు చెప్పారు?" అన్నాడు. అది ఆయన నన్ను అడిగిన ఒకే ప్రశ్న. ఆ ఫైలు తీసేయమన్నాడు, ఇక ఆ వీధి గురించి ఎవరితోనూ మాట్లాడొద్దన్నాడు. తర్వాత కొంచెం మెత్తబడి, "పైనా కిందా ఉన్నందుకే కదా గొడవ. గుండ్రంగా గీయి. చక్రానికి తల ఉండదు" అన్నాడు. ఆయన చెప్పింది సరైన మాటే, ఆ తర్వాత నేను అలాగే గీశాను కూడా. కానీ మా వీధి వాళ్ళకు చక్రం చూపించి ఏం చెప్పను?

ఫైలు తీసేసే ముందు రెండో బొమ్మను ప్రింటు తీసి బ్యాగులో పెట్టుకున్నాను. సాయంత్రం నేరుగా మాజీ కౌన్సిలరు ఇంటికి పోయాను. హాల్లో పార్టీ పెద్దల పటాలకు పూలదండలు వేలాడుతున్నాయి. స్టేజీ మీద తమిళం తప్ప మాట్లాడని ఆ మనిషి లోపలి గదిలో వాళ్ళమ్మతో తెలుగులో మాట్లాడుతున్నాడు, మందు వేసుకోమని. బయటికి వచ్చి నన్ను చూసి మర్యాదగానే కూర్చోమన్నాడు.

నేను రెండు బొమ్మలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. "అన్నా, ఈ రెండూ ఒకటే. దీన్ని తిప్పితే అది. మీరు చూపించిన దాంట్లో పద్నాలుగు పైన ఉండాది. దీంట్లో ముప్పై ఒకటి పైన ఉండాది. రెండిట్లో ఏదీ ఎవరితో మొదలయిందో చెప్పదు."

"ముప్పై ఒకటి ఎవురిది?"

"మాది."

ఆయన నవ్వాడు. "అంటే ఇప్పుడు మీ ఇంట్లో మొదలయిందంటావా?"

"లేదన్నా. అదే నేను చెప్తా ఉండేది."

ఆయన రెండు కాగితాలనూ చూసి, మొదటిదాన్ని తన వైపుకు లాక్కుని, రెండోది నా వైపుకు తోశాడు. "చూడమ్మా, నువ్వు మన వీధి బిడ్డవు, చదువుకున్నావు, మాకు గర్వం. కానీ జనానికి ఒక బొమ్మ చూపిస్తే నమ్ముతారు. రెండు చూపిస్తే రెండిటినీ నమ్మరు. అప్పుడు మీ సైన్సుకే చెడ్డపేరు. నీకు కావాల్నంటే ఇది కూడా వీధిలో పెట్టుకో. నేనేమీ అడ్డం రాను."

ఆయన నిజంగానే అడ్డం రాలేదు. ఆ కాగితాన్ని గోడకు అంటించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అన్నం మెతుకులు చాలు.

ఇంటికి వచ్చి నాయనకు చెప్పాను, రేపు పొద్దున దీన్ని వీధి మొగదల అంటించి అందరికీ చెబుతానని. అమ్మ వింటూ ఉంది. జబ్బు నుంచి లేచాక ఆమె ఇంకా సరిగ్గా తినడం లేదు. నాయన కాగితం తీసుకున్నాడు. పైన మా నంబరు చూశాడు.

"ఎదురింటోడికి ఇప్పుడు ఎవురో ఒకరు కావాల" అన్నాడు. "పద్నాలుగు కాదంటే వాడు ఎవురి తట్టు తిరగతాడు? మనం ఈ వీధిలోనే బతకాల కదమ్మా. నువ్వు పొద్దున పోయి సాయంత్రం వస్తావు. మీ అమ్మ దినమంతా ఈడనే ఉంటాది."

 నాయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బియ్యం డబ్బా వెనక దోపాడు. నేను వాదించాలి. వాదించలేదు. ఆయన అడ్డుపడ్డందుకు నాకు లోపల ఊపిరి తేలికైంది, ఆ సంగతి నాయనకు తెలిసిందనే అనుకుంటాను. ఆ తర్వాత ఇద్దరం ఆ బొమ్మ మాట ఎత్తలేదు.

సంక్రాంతితో మొదలయ్యే తై నెల రాకముందే పెద్దమ్మ ఇల్లు ఖాళీ చేసి నాట్రంపల్లిలో ఉన్న తమ్ముడి ఇంటికి పోయింది. పోయే రోజు గ్రైండరును ఆటోలోకి ఎక్కించడానికి ఎవరూ రాలేదు. నాయన పోయి ఎత్తాడు. ఎదురింటి అన్న తన అరుగు మీద కూర్చుని చూస్తూ ఉన్నాడు. ఆయన సంతోషంగా ఏమీ లేడు.

మాజీ కౌన్సిలరు ఆ ఎన్నికల్లో ఓడిపోయాడు, ఇంకేదో కారణానికి. గెలిచినవాడు కూడా పైపును అక్కడే ఉంచాడు. మరో రెండు వానాకాలాలు గడిచాక రోడ్డు వేస్తూ తవ్వినప్పుడు పైపు ముక్క బయటికి తీశారు. అడుగు పొడుగున తుప్పు తిని చిల్లులు పడి ఉందట. చూసినవాళ్ళు చూశారు. ఆ పక్కనే నిలబడి ఎవరూ పెద్దమ్మ మాట అనలేదు. అప్పటికి ఆమె ఇంట్లో వేరే వాళ్ళు అద్దెకుంటున్నారు.

మా పరిశోధన పత్రం అచ్చయింది. అందులో బొమ్మ గుండ్రంగా ఉంటుంది, కొసల మీద డోరు నంబర్లు లేవు, తేదీలు ఉన్నాయి. చాలా స్పష్టంగా ఉందని మెచ్చుకున్నారు. నా ప్రోగ్రామును ఇప్పటికీ కొన్నిచోట్ల వాడుతున్నారు. రెండు బొమ్మలు సమానంగా తేలినప్పుడు ఒకదాన్నే చూపించి ఆగిపోకుండా, రెండూ పక్కపక్కన వచ్చేట్టు మార్చాను. వాడేవాళ్ళు అడుగుతుంటారు, ఎందుకీ అనవసరం, ఒకటి చాలదా అని.

డిగ్రీ వచ్చిన ఏడు నేను నాట్రంపల్లి పోయాను. కృష్ణగిరి రోడ్డు మీద లారీలు ఆగే చోట ఆమె తమ్ముడు చిన్న హోటలు నడుపుతున్నాడు. పెద్దమ్మ లోపల పొయ్యి దగ్గర ఉంది. సన్నబడిపోయింది. నన్ను చూసి గుర్తుపట్టింది. చెయ్యి తుడుచుకుని వచ్చి, "వాంగ, ఉక్కారుంగ" అంది, దారిన పోయే లారీ డ్రైవర్లను కూర్చోమన్నట్టే, తమిళంలో. పుట్టినప్పటి నుంచి నాతో ఆమె తమిళం మాట్లాడగా నేను విన్నది అదే మొదలు.

"పెద్దమ్మా" అన్నాను.

"ఎన్న సాప్పుడురీంగ?" అని అడిగింది. ఏం తింటారు అని.

ఇడ్లీ అన్నాను. నాలుగు పెట్టింది. నేను తెలుగులోనే చెప్పుకుంటూ పోయాను. పైపు బయటపడిన సంగతి, బొమ్మ మార్చిన సంగతి. రెండో బొమ్మ ఒకటి ఉందని, దాన్ని చూపించకుండా మేమే దాచామని కూడా చెప్పాను. అదొక్కటి విన్నప్పుడు ఆమె నా వైపు తిరిగి చూసింది. తర్వాత సాంబారు గిన్నె తీసుకుని పక్క బల్ల దగ్గరికి పోయింది. నేను లేచేటప్పుడు బయటి దాకా వచ్చి, అప్పుడు మాత్రం తెలుగులో అంది:

"మీ అమ్మ బాగుండాదా?"

"బాగుండాది."

"ఇంగ రావద్దమ్మా. నాకు పనులుండాయి."

నేను మళ్ళీ పోలేదు. రెండేళ్ళ తర్వాత ఆమె పోయిందని కబురు వచ్చింది, గుండె ఆగి. నాయన ఒక్కడే బస్సులో పోయి, మట్టి అయ్యాక తిరిగి వచ్చాడు. గుమ్మం బయట కాళ్ళు కడుక్కుని, లోపలికి వచ్చి మగ్గం గుంట అంచున కూర్చున్నాడు. అమ్మ నీళ్ళిచ్చింది. నేను ఎదురుగా నిలబడ్డాను. ఎవరెవరు వచ్చారు, ఏం అడిగారు అని నేను అడగలేదు. ఆయనే చెప్పాడు, చెంబు కింద పెడుతూ.

"నిన్ను గురించి ఎవురూ అడగలేదు."